పౌరుడంటే ఎవరు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు తెలుగు చెప్పేవాడివి గదా, భాష మీద ఓ అరగంట మాట్లాడు. కానీ అందరికీ అర్థమయ్యేటట్టు మాట్లాడు" అన్నాడు. అరగంటలో భాషంతా చెప్పలేం. ఒక్క మాట పట్టుకుని, అది ఎక్కడ పుట్టి ఏ దారిలో మన ఊరికి చేరిందో చూద్దామనుకున్నాను. ఆ మాటను మనందరం బడిలోనే నేర్చుకున్నాం. పౌరుడు.

సాంఘికశాస్త్రంలో చరిత్ర, భూగోళం, అర్థశాస్త్రంతో పాటు పౌరశాస్త్రం ఉండేది. పాఠాలు చిన్నవి, మార్కులు సులభంగా వచ్చేవి, కాబట్టి పరీక్షకు ముందురోజు సాయంత్రం చదివితే చాలుననుకునేవాళ్ళం. పౌరుని హక్కులేవి, పౌరుని విధులేవి, పౌరసత్వం ఎలా వస్తుంది, ఎలా పోతుంది. అన్నీ కంఠతా వచ్చేవి. పౌరుడు అనే మాటకు అర్థమేమిటని మాత్రం ప్రశ్నపత్రంలో ఎవరూ అడగలేదు, మనమూ అయ్యవారిని అడగలేదు.

నిఘంటువు తీస్తే సమాధానం ఒక్క ముక్కలో ఉంటుంది. పురంలో ఉండేవాడు పౌరుడు. కురు వంశంలో పుట్టినవాళ్ళు కౌరవులైనట్టే, పురంలో ఉండేవాళ్ళు పౌరులు. అంటే పట్నవాసి. మన ఊరి పేరులోనేమో చివర పల్లె ఉంది. నిఘంటువు మాటే పట్టుకుంటే సోమందేపల్లెలో పుట్టి పెరిగిన మనలో ఒక్కరం కూడా పౌరులం కాము! పల్లెటూరి బడిలో, పల్లెటూరి పిల్లలకు, పట్నంవాళ్ళ పేరు పెట్టిన శాస్త్రం చెప్పారన్నమాట. ఇందులో అయ్యవార్ల తప్పేమీ లేదు. ఆ మాట నడిచొచ్చిన దారి అలాంటిది.

ఆ దారి మొదట్లో ఒక గోడ ఉంది. ఋగ్వేదంలో పురం అంటే ఇప్పుడు మనం అనుకునే ఊరు కాదు, కోట, చుట్టూ కట్టిన రక్షణ. శత్రువుల పురాలను బద్దలు కొట్టాడు కాబట్టే ఇంద్రుడికి పురందరుడనే పేరు వచ్చింది. తర్వాతి కాలంలో ఆ కోట లోపల బజార్లు, గుళ్ళు, మేడలు వెలిసి పురమంటే నగరమైంది. గోడ లోపల ఉన్నవాడు పౌరుడు. గోడ బయట దున్ని, పండించి, లోపలికి ధాన్యం తోలేవాడికి వేరే పేరు ఉంది. జానపదుడు. జనం పాదం మోపిన నేల జనపదం, ఆ నేల మీద ఉండేవాడు జానపదుడు. రామాయణంలో ఈ రెండూ కలిసి పౌరజానపదులు అని వస్తాయి. రాజు ఏదైనా ప్రకటించాలంటే ఇద్దరికీ చెప్పాలి. ఇద్దరూ ప్రజలే, కానీ ఇద్దరికీ ఒకే పేరు లేదు.

ఈ రెండు మాటలు ఇప్పుడు ఎక్కడున్నాయో చూడండి. జానపదం పాటల్లోకి, కోలాటంలోకి, చెక్కభజనలోకి పోయింది. పౌరం ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది. పౌరహక్కులు, పౌరసరఫరాలు, పౌరవిమానయానం, పౌరసత్వం. పాడుకునేది జానపదులు, సంతకం పెట్టేది పౌరులు.

గోడ అంటే ఎలా ఉంటుందో మనకు పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన పనిలేదు. పక్కనే పెనుకొండ ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజ్యం హంపిని విడిచిపెట్టి పెనుకొండకు వచ్చింది. తిరుమల రాయలు అక్కణ్ణుంచే ఏలాడు. ఘనగిరి అని దానికి సంస్కృతంలో గొప్ప పేరు. ఆ రోజుల్లో పెనుకొండ కోట లోపలున్నవాడు అసలు సిసలు పౌరుడు. తర్వాత రాజధాని చంద్రగిరికి పోయింది. కోట మిగిలింది, గగన్ మహల్ మిగిలింది, పురం పోయింది. మన తాతల కాలానికి పెనుకొండ అంటే తాలూకా కచేరీ పనులకు పోయే ఊరు. మళ్ళీ 2021 నవంబరులో అక్కడి జనం నగర పంచాయతీకి ఓట్లు వేశారు. ఒకప్పటి రాజధాని మళ్ళీ నగరం అనిపించుకోవడానికి ప్రభుత్వ ఉత్తర్వు కావలసి వచ్చింది. పల్లె, పట్నం అన్న తేడా నేలలో ఉండదు, రాజు ఎక్కడ కూర్చుంటే అక్కడికి మారుతుంది అనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఏం కావాలి?

పౌరుడికి ఒక అన్న ఉన్నాడు. నాగరికుడు. నగరంలో ఉండేవాడు నాగరికుడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఈ మాటకు నగరాన్ని చూసుకునే అధికారి అని అర్థం. ఊళ్ళోకి కొత్తగా ఎవరొచ్చారో, ఎవరింట్లో దిగారో లెక్క రాయించుకోవడం ఆయన పనుల్లో ఒకటి. వాత్స్యాయనుడి కామసూత్రాల్లోనేమో షోకైన పట్నంవాడు నాగరకుడు. అయ్యవార్లు భయపడొద్దు, నేను చెప్పబోయేది ఆ పుస్తకం మొదట్లో ఉన్న ఒక్క అధ్యాయం గురించే. నాగరకుడు పొద్దున లేచి ఏం చేయాలి, ఎలా స్నానం చేయాలి, గంధం ఎలా పూసుకోవాలి, తాంబూలం ఎప్పుడు వేసుకోవాలి, చిలకలకు మాటలెలా నేర్పాలి అని అందులో దినచర్య మొత్తం రాశాడు. ఆ దినచర్యలో కోడిపందేలు, పొట్టేళ్ళ పందేలు కూడా ఉన్నాయి! ఈ రోజు టీవీలో కోడిపందేలు చూపించి పల్లెటూరి మోటు సరదా అంటారు. ఆ పుస్తకం నాటికి అవి పెద్ద పట్నవాసి కాలక్షేపం. ఊళ్ళో ఉండేవాడు కూడా ఈ నాగరకుణ్ణి చూసి నేర్చుకోవాలని వాత్స్యాయనుడు అక్కడే చెప్పాడు. పట్నంవాణ్ణి చూసి దువ్వుకోవడం మనకు సినిమాలతో వచ్చిన అలవాటు కాదన్నమాట.

నాగరికుడు నగరంలో ఉండేవాడైతే, గ్రామంలో ఉండేదంతా గ్రామ్యం. ఇక్కడే మాట కత్తిలాగా తెగింది. దండి లాంటి అలంకారికులు కవిత్వానికి ఉండకూడని దోషాల్లో గ్రామ్యాన్ని ఒకటిగా లెక్కవేశారు. నగరం నుంచి నాగరికత పుట్టింది, గ్రామం నుంచి దోషం పుట్టింది. తెలుగులోనూ ఆ గొడవ వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు మనుషులు మాట్లాడే భాషలో పుస్తకాలు రాయాలి, పిల్లలకు పాఠాలు చెప్పాలి అన్నప్పుడు, ఎదుటివాళ్ళు ఆ భాషకు పెట్టిన పేరు గ్రామ్యమే. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా బడిలో జరుపుకుంటున్నామంటే, ఆ గొడవలో చివరికి ఎవరు గెలిచారో తెలుస్తుంది.

పూర్తిగా గెలిచామా అంటే చెప్పలేను. మన యాసలో మాట్లాడితే హైదరాబాదులోనో విజయవాడలోనో పక్కవాడు ఒకసారి తిరిగి చూస్తాడు. సినిమాల్లో మన యాస తొడ కొట్టేవాడికే ఇస్తారు. అయినా మన ఉమ్మడి జిల్లాకు చెందిన బండి నారాయణస్వామి గారు ఈ నేల చరిత్ర మీద రాసిన శప్తభూమి నవలకు 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. గ్రామ్యమని పక్కకు నెట్టిన మాట ఢిల్లీ దాకా పోయి శాలువా కప్పించుకుని వచ్చింది.

ఇదంతా మన దేశంలోనే జరిగిందనుకుంటే పొరపాటు. మనం రోజూ వాడే టౌను అనే మాట చూడండి. హిందూపురానికి పోతూ టౌనుకు పోతున్నామంటాం, అక్కడివాళ్ళను టౌనోళ్ళంటాం. పాత ఇంగ్లీషులో ఆ మాటకు కంచె వేసిన జాగా అని అర్థం. దాని చుట్టమే జర్మన్ భాషలో ఈనాటికీ కంచె అనే అర్థంలోనే ఉంది. మన జిల్లాలో తరిమెల నాగిరెడ్డి గారి కాలం నుంచి కమ్యూనిస్టు సభల్లో బూర్జువా అనే మాట వింటూనే ఉన్నాం. ఫ్రెంచిలో దానికి మొదటి అర్థం కోట కట్టిన పట్నంలో ఉండేవాడు అని. అక్షరాలా మన పౌరుడే! గ్రీకుల పోలిస్ మన పురానికి దూరపు చుట్టమని భాషాశాస్త్రవేత్తలు చెప్తారు. పోలీసు అనే మాట అందులోంచి వచ్చిందే. ఇంగ్లీషులో సిటిజన్ అన్నా మొదట సిటీలో ఉండేవాడనే. పొలాల్లో పనిచేసే పల్లెటూరివాడికి లాటిన్లో ఉన్న పేరు ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చేసరికి విలన్ అయింది. మన దగ్గర గ్రామ్యం దోషమైతే, వాళ్ళ దగ్గర గ్రామీణుడు ఏకంగా దుర్మార్గుడైపోయాడు.

హిందీలో పౌరుణ్ణి నాగరిక్ అంటారు. ఉర్దూలో శహరీ అంటారు, శహర్ అంటే నగరం. కన్నడంలో నాగరికుడు, పౌరుడు రెండూ ఉన్నాయి. తమిళులు మాత్రం వేరే దారి పట్టారు. వాళ్ళు కుడిమగన్ అంటారు. కుడి అంటే కుటుంబం, కులం, నేల మీద స్థిరపడిన జనం. అందులో కోటా లేదు, గోడా లేదు. సంస్కృతం దగ్గర అప్పు తీసుకోకుండా సొంత మాట వాడుకున్నందుకు వాళ్ళకు దక్కిన లాభం అది.

మరి మన తెలుగులో గోడ లేని మాట లేదా? ఉంది. ఊరు. సంస్కృతంలో గ్రామం వేరు, నగరం వేరు. మన ఊరు ఆ తేడా ఎరగదు. యాభై గడపలున్నా ఊరే, యాభై లక్షల మందున్నా ఊరే. నెల్లూరు ఊరే, గుంటూరు ఊరే, చిత్తూరు ఊరే. కోటి మంది దాటిన బెంగళూరు పేరు చివర కూడా ఊరే ఉంది. "మీది ఏ ఊరు?" అని రైల్లో పక్కవాణ్ణి అడిగితే కదిరి అన్నా జవాబే, ముంబయి అన్నా జవాబే.

ఇంకొంచెం తవ్వితే మన పల్లె కూడా బెంగళూరులో దొరుకుతుంది. మనం సరిహద్దులో ఉన్నవాళ్ళం, కన్నడం చెవిన పడుతూనే ఉంటుంది. పాత కన్నడంలో మాట మొదట ఉన్న పకారం తర్వాతి కాలంలో హకారమైంది. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి, మన పువ్వు వాళ్ళకు హూవు. అలాగే మన పల్లె వాళ్ళకు హళ్ళి. మారతహళ్ళి, బొమ్మనహళ్ళి, జాలహళ్ళి. మన పిల్లలు కంప్యూటర్ ఉద్యోగాలకు పోయి అపార్టుమెంట్లలో ఉంటున్న చోట్లన్నీ పేరుకు పల్లెలే. పండక్కి వచ్చినప్పుడు "మేము సిటీలో ఉంటాం" అంటే, "ఏ పల్లెలో నాయనా?" అని అడగండి.

ఊరు అనే మాటను ఇంతగా మెచ్చుకున్నాక, దాని రెండో ముఖం చెప్పకపోతే న్యాయం కాదు. మన ఊరికి పట్నానికీ పల్లెకూ మధ్య గోడ లేకపోవచ్చు. కానీ ఊరికీ వాడకూ మధ్య ఉంది. ఊరివాళ్ళంటే ఎవరు, వాడవాళ్ళంటే ఎవరు అని ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఊరన్నాక వాడ ఉండదా అని ఒక సామెత కూడా ఉంది, ఒక కులం పేరు పెట్టి మరీ అంటారు. ఊరి చెరువు, ఊరి బావి, ఊరి జాతర అన్నప్పుడు ఆ ఊరిలోకి అందరూ వచ్చేవాళ్ళు కాదు. రాయి కట్టని గోడ అది. పెనుకొండ కోట గోడ కూలింది కానీ ఈ గోడ అంత సులభంగా కూలలేదు.

దీన్ని అందరికంటే స్పష్టంగా చూసినవాడు అంబేద్కర్. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ, గ్రామాన్ని పునాదిగా తీసుకోలేదని కొందరు అడుగుతున్నారు, దాన్ని వదిలేసి వ్యక్తిని పునాదిగా తీసుకున్నందుకు నాకు సంతోషంగానే ఉంది అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. పల్లె మీద ఆయన అన్న మాటలు చాలా కటువుగా ఉంటాయి, పల్లెలో పుట్టినవాళ్ళకు గుచ్చుకుంటాయి. కానీ ఆయన మాట్లాడింది వాడలో నిలబడి. అక్కణ్ణుంచి చూస్తే ఊరు ఎలా కనబడుతుందో ఊళ్ళో ఉన్నవాళ్ళకు తెలియదు.

1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. మాట చరిత్రలో ఆ రోజు జరిగింది చిన్న సంగతి కాదు. అంతకుముందు ఓటు ఉండాలంటే ఆస్తో, పన్నో, చదువో ఉండాలి. రాజ్యాంగం 326వ అధికరణం వయసు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు ఇచ్చింది. పుర గోడ లోపలివాడి పేరు తెచ్చి, జానపదుడికి, ఊరివాడికి, వాడవాడికి, గొర్రెలు మేపుకునేవాడికి, కూలికి పోయే ఆడమనిషికి, అందరికీ పెట్టారు. పౌరుడు అనే మాట పుట్టిన నాటి నుంచీ అంత వెడల్పు ఎన్నడూ కాలేదు. మనం పౌరశాస్త్రంలో కంఠతా పెట్టినవి ఆ వెడల్పు లెక్కలే. ఎవరూ ఆ సంగతి మనకు చెప్పలేదంతే.

కాగితం మీద మాట వెడల్పయింది. నేల మీద ఎంతయింది? ఈ రోజు నేను నిజంగా చెప్పాలనుకున్నది ఇక్కణ్ణుంచే.

మన నేల సంగతి మీకు తెలుసు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ వేరుశనగకు కావలసిన రోజున రాదు. బోర్లు వేసి వేసి అప్పులు మిగిలాక బెంగళూరు బస్సెక్కినవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. కట్టడం పనికి, హోటళ్ళకు, బట్టల ఫ్యాక్టరీలకు, అపార్టుమెంటు కాపలాకు. ఏళ్ళ తరబడి పురంలోనే ఉంటారు. నిఘంటువు ప్రకారం వాళ్ళే పౌరులు. కానీ ఓటు ఇక్కడ, రేషన్ కార్డు ఇక్కడ, పింఛను ఇక్కడ. ఉండే చోట పౌరుడు కాదు, పౌరుడైన చోట ఉండడు. ఎన్నికల ముందురోజు బెంగళూరు నుంచి మన వైపు వచ్చే బస్సుల్లో, రైళ్ళలో కాలు పెట్టే సందుండదు. ఒక్కరోజు పౌరులవడానికి వస్తారు వాళ్ళు. ఓటు వేసి రాత్రికే మళ్ళీ పోతారు.

పౌరసరఫరాల శాఖ సంగతి చూడండి. పేరులో పురం ఉంది, కానీ మొన్నమొన్నటి దాకా కార్డు ఉన్న ఊళ్ళోనే బియ్యం ఇచ్చేవాళ్ళు. పనికోసం పురానికి పోయినవాడికి పౌరసరఫరా లేదు! 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకునే పద్ధతి మొదలైంది. 2020 జనవరి 1 నుంచి కర్ణాటక కూడా కలిసింది. అంటే సోమందేపల్లె కార్డు మీద బెంగళూరులో బియ్యం తీసుకోవచ్చు. ఈ సంగతి బెంగళూరులో ఉన్న మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి.

అదే 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మన ఊరి పక్కగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని ఉత్తరం వైపు నడిచిపోయినవాళ్ళను మనం చూశాం. వాళ్ళు కట్టిన నగరాలు వాళ్ళను నెల రోజులు ఉంచుకోలేకపోయాయి. వాళ్ళ దగ్గర ఆధార్ ఉంది, ఓటరు కార్డు ఉంది. పౌరులు అనడానికి కాగితాలన్నీ ఉన్నాయి. ఆ దారిలో వాళ్ళకు మజ్జిగ, సంగటి ముద్ద పెట్టినవాళ్ళు మాత్రం "మీరు ఏ రాష్ట్రం పౌరులు?" అని అడగలేదు. "ఏ ఊరు నాయనా?" అనే అడిగారు.

ఇంకొక మాట చెప్పాలి. కర్ణాటకలో వీధులు ఊడ్చి, చెత్త ఎత్తే మనిషికి ప్రభుత్వం పెట్టిన పేరు పౌరకార్మిక. పేరు గౌరవంగానే ఉంది. తెల్లవారకముందే బెంగళూరు వీధుల్లో చీపురు పట్టుకుని కనబడే ఆ మనుషుల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు. వాళ్ళ ముందుతరాలవాళ్ళు రాయలసీమ నుంచి పోయినవాళ్ళు. ఎక్కువమంది దళితులు, ఎక్కువమంది ఆడవాళ్ళు. ఇక్కడ ఊరికి బయట వాడలో ఉన్నవాళ్ళ బిడ్డలే అక్కడ పురాన్ని శుభ్రం చేస్తున్నారు. వాళ్ళ ఉద్యోగం పేరులో పౌర అనే మాట ఉంది, ఉద్యోగానికి మాత్రం చాలాకాలం భద్రత లేదు. ఎన్నో ఏళ్ళు కాంట్రాక్టర్ల కింద పనిచేశారు. 2022 జులైలో పని ఆపి రోడ్డు మీదికొచ్చి, మమ్మల్ని పర్మినెంట్ చేయండి అని అడిగారు. వాళ్ళు అడిగింది జీతం ఒక్కటే కాదు. తమ పేరులో ఉన్న ఆ మొదటి మాటను నిజం చేయమన్నారు.

ఇప్పటిదాకా మనం గోడ బయటివాళ్ళమన్నట్టే మాట్లాడాను. ఇంకో వైపు కూడా ఉంది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ పని మొదలుపెట్టింది. దాని వెంట ఇంకా ఫ్యాక్టరీలు వచ్చాయి. ఈ రోడ్డు మీద కొరియా భాషలో బోర్డులు చూస్తామని మన అయ్యవార్లలో ఎవరైనా అనుకున్నారా? తమిళనాడు నుంచి, బీహారు నుంచి, ఒడిశా నుంచి పనికి వచ్చిన పిల్లలు మన వైపు ఊళ్ళలో గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నారు. ఒక్కో గదిలో ఐదారుగురు. మనవాళ్ళు బెంగళూరులో ఎలా ఉంటారో అచ్చం అలాగే. వాళ్ళను మనం ఏమంటున్నాం? "హిందీవాళ్ళు" అంటున్నాం. ఏదైనా వస్తువు పోతే ముందు వాళ్ళ గది వైపు చూస్తున్నాం. పురం మన దగ్గరికే వచ్చింది. ఇప్పుడు గోడ లోపల ఉన్నది మనం. నిన్నటి దాకా తలుపు తట్టినవాడి చేతిలోకి ఇవాళ గడియ వచ్చింది.

మాటల పుట్టుక చెప్పడం వరకే అయితే నా పని ఇక్కడితో అయిపోయేది. కానీ ఇది బడి స్వర్ణోత్సవం. బడి ఉన్నదే మాటకు అర్థం చెప్పడానికి. అందుకని మూడు మనవులు చేసుకుని కూర్చుంటాను.

మొదటిది అయ్యవార్లకు. పౌరశాస్త్రం మొదటి పాఠానికి ముందు ఒక్క పీరియడు ఈ మాటకు ఇవ్వండి. పురం, గోడ, జానపదుడు, ఊరు, వాడ, రాజ్యాంగం. పిల్లలను పెనుకొండ కోట దగ్గరికి తీసుకుపోయి చెప్తే ఇంకా మంచిది. హక్కులు కంఠతా పట్టే ముందు, ఆ పేరు తమ పూర్వీకులకు పుట్టుకతో రాలేదని, ఎవరో కొట్లాడి తెచ్చిపెట్టారని ప్రతి పిల్లకూ తెలియాలి.

రెండోది మన సంఘానికి. వానల్లేని ఏడాది తల్లిదండ్రుల వెంట బెంగళూరు పోయే పిల్లలు ఉంటారు. పనికోసం మన ఊరికి వచ్చినవాళ్ళ పిల్లలూ ఉంటారు. విద్యాహక్కు చట్టం 2009లోనే చెప్పింది, టి.సి. రావడం ఆలస్యమైందని పిల్లవాణ్ణి చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదని. ఈ సంగతి తెలియక ఏడాదికేడాది చదువు పోగొట్టుకునే పిల్లలుంటారు. పోయే పిల్లవాడి చేతికి కాగితాలు సిద్ధం చేసి ఇవ్వడానికి, వచ్చిన పిల్లవాణ్ణి చేర్పించడానికి, బియ్యం కార్డు ఎక్కడైనా చెల్లుతుందని ఇంటింటికీ చెప్పడానికి, మన సంఘంలో నలుగురు పూనుకుంటే చాలు. భవనం మీద పేర్లు చెక్కించడానికి చందాలు ఇచ్చిన మనకు ఇది పెద్ద ఖర్చు కాదు.

మూడోది బెంగళూరులో, హైదరాబాదులో స్థిరపడ్డ మా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు. మీరిప్పుడు నిఘంటువు అర్థంలో కూడా పౌరులు. రేపు పొద్దున మీ వీధి ఊడ్చే అమ్మ కనబడితే, ఆమె తెలుగు మనిషి అయ్యే అవకాశం చాలా ఉంది. "అక్కా, మీది ఏ ఊరు?" అని ఒక్కమాట అడగండి. ఆమె చెప్పే ఊరు మడకశిరో, కదిరో, మన పక్క ఊరో కావచ్చు. తర్వాత ఆమె జీతం నెలనెలా వస్తోందా, ఆమె బిడ్డ చదువుకుంటోందా అని కూడా అడగండి. ఆ మాట అడిగినందుకు మీ పనికేమీ ఆలస్యం కాదు.

పౌరుడు అనే మాట గోడతో పుట్టింది. దాన్ని బద్దలు కొట్టి అందరినీ లోపలికి పిలిచింది రాజ్యాంగం. లోపలికి వచ్చినవాళ్ళకు కూర్చునే చోటు చూపించడం మనలాంటి బడుల పని, మనలాంటి సంఘాల పని.  ఇక భోజనాలకు లేవొచ్చు.